ముళ్ళ ఎలుకలకు సకల సదుపాయాలు

కాలనీలోని నూటపన్నెండు పెరళ్ళలోనూ ముళ్ళ ఎలుకల బాగోగులు చూడాలని సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ముళ్ళ ఎలుకల అభిప్రాయం అడగలేదు గానీ, వాటి నుంచి అభ్యంతరమేదీ రానందున అంగీకారం కిందే జమకట్టారు.

గుప్పెడంత ఒళ్ళు, ఒళ్ళంతా ముళ్ళు, ఎవరైనా పలకరిస్తే ఉండలా చుట్టుకుపోవడం. ఈ ప్రాణి పురుగుల్ని తిని బతుకుతుందనీ, ఎండుటాకుల కుప్పలో కాపురం పెడుతుందనీ సంఘం వేసిన కరపత్రంలోనే ఉంది. కరపత్రాన్ని అందరూ పంచారు. చదివే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

ముందుగా, పాపం వాటిని పురుగులు కుట్టకుండా పెరళ్ళన్నీ ఊడ్పించి మందు కొట్టించారు. దారి తప్పిపోతాయేమోనని గోడల కన్నాలు సిమెంటుతో పూడ్పించారు. ఆపైన ఇంటికో చెక్క ఇల్లు కట్టించి, దాని తలుపు మీద అధ్యక్షులవారి పేరు రాయించి, భద్రత కోసం తాళం కూడా వేయించారు.

ఈ అభివృద్ధి అంటనిది చివరి ఇంటి టైలరమ్మకే. కుట్టుమిషను ముందు నుంచి లేచే తీరిక లేక ఆమె పెరడు ఊడ్చి ఏడాదైంది. చెట్టు కింద మోకాలెత్తు ఆకులు. వాటిలో ఒక తల్లి ముళ్ళ ఎలుక, నాలుగు పిల్లలు. అత్తగారు పోయాక ఆ ఇంట్లో ఆమెకు తోడున్న ప్రాణులు అవే.

ఆదర్శ పెరడుకు సంఘం బహుమతి ఇచ్చే సభ రోజు పొద్దున్నే అధ్యక్షులవారు పన్నెండు చీపుళ్ళతో, పారలతో, ఒక ఫొటోగ్రాఫరుతో వేంచేశారు.

"అయ్యగారూ, పిల్లలింకా కళ్ళు తెరవలేదండీ. పది రోజులు ఆగండి, నేనే ఊడుస్తాను."

"అమ్మా, మేం వచ్చిందే వాటి కోసం. ఇంత చెత్తలో అవెలా బతుకుతాయి?"

"ఇన్నాళ్ళూ బతికింది ఇందులోనే కదండీ!"

"అదేనమ్మా మా బాధ!" అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఫొటోగ్రాఫరు ఆ క్షణాన్ని వదల్లేదు.

పారలతో ఎత్తి కుప్పను బండికెక్కించారు. అడ్డుపడబోయిన టైలరమ్మను సంఘం ఆడవాళ్ళు నలుగురు ఆప్యాయంగా పట్టుకున్నారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

సాయంత్రం కాలనీ హాల్లో జరిగిన సభలో ఆదర్శ పెరడు బహుమతి అధ్యక్షులవారి పెరట్లోని సిమెంటు ముళ్ళ ఎలుకకు దక్కింది. "ఒక్క ముళ్ళ ఎలుకైనా మనమీద ఫిర్యాదు చేసిందా?" అని ఆయన గర్జించారు. చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లు భరించలేక టైలరమ్మ లేచి హాలు వెనక్కి వెళ్ళింది. అన్ని పెరళ్ళ చెత్తా తెచ్చి పోసింది అక్కడే. ఆకులు, కుళ్ళిన కొమ్మలు, వాటి నిండా లుకలుకలాడే పురుగులు. ఒక పక్క ఆకులు తప్పించి చూసింది. ఉండ చుట్టుకున్న తల్లి, దాని పొట్ట కింద నాలుగు పిల్లలు. పక్కన ఇంకో రెండు కుటుంబాలు. కాలనీ ముళ్ళ ఎలుకలన్నీ అక్కడే కులాసాగా ఉన్నాయి.

ఆమె ఆకులు మళ్ళీ కప్పి, కొంగుతో మొహం తుడుచుకుని, వచ్చి కుర్చీలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. చూసిన సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్ళీ సాయం చేయడానికి వస్తారు.

మీకు చెప్పడానికీ నాకు భయంగానే ఉంది. చూడబోతే మీరూ మంచివాళ్ళలాగే ఉన్నారు.