కొలిమి మట్టి, ముల్తానీ మట్టి

ఆ ఆదివారం పొద్దున నర్మెట్టలో కమ్మరి ఉపేందర్ పెట్టుకున్న పని ఒక్కటే. ఎండ ముదరకముందే కత్తిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. ఆదివారం గనక కొడవళ్లు, గొడ్డళ్లు పట్టుకుని ఎవరూ రారు, మనసు పెట్టి చేసుకోవచ్చు అనుకున్నాడు.

అది మామూలు కత్తి కాదు. జనగామలో కబాబుల హోటల్ నడిపే దిలీప్ ఫోన్‌లో బొమ్మ చూపించి అడిగిన కత్తి. దాని అంచు పొడవునా తెల్లటి అలలాంటి గీత ఉంటుంది. ఎవరో చెక్కింది కాదు, రంగు వేసింది కాదు. కత్తి వీపుకు మట్టి పట్టించి, అంచును ఖాళీగా వదిలేసి, కాల్చి ముంచితే అంచు చటుక్కున చల్లారి గట్టిపడుతుంది. మట్టి కప్పుకున్న వీపు నిదానంగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది. ఆ గట్టికీ మెత్తకూ నడుమ పుట్టేదే ఆ గీత.

"నువ్వు చేస్తవా, హైదరాబాద్‌ల ఎవర్నన్న అడుగమంటవా?" అన్నాడు దిలీప్.

ఆ రెండో మాటకు ఉపేందర్‌కు రోషం వచ్చింది. రోషమైతే వచ్చింది గానీ గీత రాలేదు. మొదటి కత్తిని లారీ కమాను పట్టీతో చేస్తే అంతా ఒకే తీరుగా గట్టిపడి ఊరుకుంది. రెండోది ఇనుమును రాకే పాత ఆకురాయిని సాగగొట్టి చేశాడు. ఆ ఉక్కులో గీత పడుతుందని విన్నాడు. నీళ్లలో దించగానే అది టింగుమని మోగి నిలువునా చీలింది. ఇక ఇంట్లో మిగిలింది ఒక్క ఆకురాయి. ఈ మూడో కత్తి దానితో చేసిందే. ఇదీ చీలితే దిలీప్‌ను తనే హైదరాబాద్ బస్సు ఎక్కించి రావాలి.

పుట్టమన్నులో బొగ్గుపొడి కలిపి, పూసింది రాలిపోకుండా తుమ్మబంక పోసి, నల్లగా చిక్కగా పిసికాడు. భార్య అహల్య చూడకుండా ఆమె స్టీలు గిన్నె ఒకటి తీసి, అందులో ఆ ముద్ద పెట్టి వరండా గోడ మీద ఉంచాడు. తర్వాత కొలిమి రాజేయడానికి పెరట్లోకి పోయాడు.

అప్పుడే అక్క యశోద మహబూబాబాద్ బస్సు దిగి వచ్చింది. ఆమె అక్కడ అంగన్‌వాడీ టీచర్. నర్మెట్ట హైస్కూల్లో ఆమెతో పదో తరగతి చదివిన వాళ్లంతా ఎన్నో ఏళ్ల తర్వాత ఆ రోజే కలుసుకుంటున్నారు. అప్పటి క్లాస్ లీడర్ కాబట్టి మొదటి ఉపన్యాసం ఆమెదే. దారంతా దాన్నే వల్లె వేసుకుంటూ వచ్చింది. ఆడవాళ్లందరూ చిలకపచ్చ చీరలే కట్టుకోవాలని వాట్సాప్‌లో తీర్మానమైంది. చీర అందరిదీ ఒకటే అయినప్పుడు తేడా తెలియాల్సింది ముఖంలోనే కదా అని, ముల్తానీ మట్టి నానబెట్టమని మరదలికి ముందే ఫోన్ చేసింది. అహల్య గులాబీ నీళ్లు పోసి నానబెట్టి, ఆ గిన్నెను కూడా అదే గోడ మీద పెట్టి, ఉప్మా చేయడానికి లోపలికి వెళ్లింది.

యశోద గోడ మీద రెండు గిన్నెలూ చూసింది. ఒకదాంట్లో లేత పసుపు ముద్ద, ఇంకోదాంట్లో నల్ల ముద్ద. బొగ్గు కలిపిన ఫేస్‌ప్యాక్ ఎంత గొప్పదో టీవీలో చాలాసార్లు చూసింది. మరదలు తన కోసం అదీ తెప్పించిందని ఆమెకు కడుపు నిండిపోయింది. నల్లదాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా గిన్నె ఖాళీ అయ్యేలా మెత్తుకుని, గిన్నెను అంట్లలో వేసి, ముందు గదిలో ఫ్యాన్ కింద వెల్లకిలా పడుకుంది.

కాసేపటికి ఉపేందర్ వచ్చి మిగిలిన గిన్నె పట్టుకుపోయాడు. మంట చూసి చూసి చెదిరిన కళ్లకు ముద్ద లేతగా కనిపిస్తే, బొగ్గు అడుగుకు దిగిందనుకుని వేలితో కలియబెట్టాడు. గులాబీ వాసన వస్తే అహల్య అగరొత్తులు ముట్టించిందనుకున్నాడు. కత్తి వీపు పొడవునా అలలు అలలుగా పూసి, సెగకు ఆరనిచ్చి, కొలిమిలో పెట్టాడు. బ్లోయర్ హోరు మొదలయ్యాక అతనికి లోకం వినిపించదు.

ఇక్కడ ఫ్యాన్ గాలికి తుమ్మబంక బిగుసుకుంది. ఉపన్యాసం ఒకసారి పైకి చెప్పి చూసుకుందామని యశోద నోరు తెరవబోయింది. నోరు తెరుచుకోలేదు. బుగ్గలు కదలవు, పెదవులు విడవవు, "ఊ" అనే శబ్దం తప్ప ఏదీ బయటికి రాదు.

సరిగ్గా అప్పుడు తండా నుంచి సక్రి కొడవలి పట్టుకుని వచ్చింది. ఉపేందరన్న ఉన్నాడా అని అడిగితే, మంచం మీద నల్లటి ముఖం నోటి వైపు వేలు చూపిస్తూ "ఊ, ఊ" అంది. సక్రి అత్తకు పక్షవాతం వచ్చినప్పుడు కూడా అచ్చం ఇలాగే అయింది. ఆమె కొడవలి అక్కడే పడేసి సందు చివర ఉండే ఆర్‌ఎంపీ రమాకాంత్ దగ్గరికి పోయింది.

"యశోదక్కకు మాట వడిపోయింది సారూ. మొఖమంత నల్లవడ్డది."

రమాకాంత్ వెంటనే 108కు ఫోన్ చేశాడు. అతనిదీ అదే బ్యాచ్. కాబట్టి యశోదకు పక్షవాతం వచ్చిందని, తమ్ముడి ఇంట్లో ఉందని, గ్రూపులో కూడా పెట్టాడు.

స్కూలు దగ్గర పాత పంతుళ్లకు సన్మానం చేయడానికి పూలదండలు పట్టుకుని నిలబడ్డ బ్యాచ్ అంతా, ఆ దండలతోనే ఆటోలెక్కింది. చిలకపచ్చ చీరల ఆటోలు వరసగా, దండలతో సందులోకి తిరగడం చూసిన వాళ్లు ఇంకో రకంగా అర్థం చేసుకున్నారు. కిరాణా కొట్టు షట్టరు సగానికి దిగింది. ఎవరో చెప్పులు విడిచి వెనకే నడిచారు.

ఉప్మా ప్లేటుతో బయటికొచ్చిన అహల్య వదిన ముఖం చూసింది. ఆ ఊళ్లో సంగతి అర్థమైన మనిషి ఆమె ఒక్కతే. "గది కొలిమి మట్టి వదినా. కదలకుండ్రి, నానవెడితెనే ఊడుతది" అని పెరట్లోకి పరుగెత్తింది. కొలిమి పక్కన తొట్టినిండా గోరువెచ్చని నీళ్లు సిద్ధంగా కనిపించాయి. మంటలోకి తప్ప ఇంకెటూ చూడని మొగుడి వెనక నుంచి తొట్టిని ఈడ్చుకుపోయింది. వాకిట్లో యశోదను దాని ముందు వంచి కూర్చోబెట్టారు. చుట్టూ చిలకపచ్చ చీరలు మూగాయి. ఒకామె అప్పుడే కళ్లు తుడుచుకుంటూ, క్లాసులో యశోద ఎంత గట్టిగా మాట్లాడేదో తలుచుకుంటోంది.

పెరట్లో కత్తి ఎర్రబడింది. ఉపేందర్ అయస్కాంతం తాకించి చూశాడు. అంటుకోలేదు. ముంచాల్సిన అదను అదే. పట్టుకారుతో కత్తి తీసి పక్కకు తిరిగితే తొట్టి ఉండాల్సిన చోట తడి మట్టి ఉంది. ఇంకో రెండు ఊపిర్లు తీస్తే ఎరుపు దిగిపోతుంది. తడి జాడ పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాడు. కణకణలాడే కత్తిని చూసి జనం తమంతట తామే రెండుగా చీలారు. ఎందుకింత జనమో ఆలోచించే తీరిక అతనికి లేదు.

"అక్కా, జర మొఖం తియ్యి" అన్నాడు.

యశోద తలెత్తింది. ఒళ్లంతా మసి పూసుకుని తమ్ముడు, చేతిలో నిప్పులాంటి కత్తి. ఆమె నోరు తెరుచుకుంది. నుదుటి నుంచి గడ్డం దాకా మట్టి పెటపెటా పగిలి పెళ్లలు పెళ్లలుగా రాలింది.

"అక్కను సంపుతవార నాయినా!"

ఆమె వెనక్కి పడింది, కత్తి నీళ్లలోకి దిగింది. బుస్సుమని ఆవిరి లేచి అందరినీ కమ్మేసింది. ఉపేందర్ తొట్టి మీద చెవి పెట్టి ఊపిరి బిగబట్టాడు. టింగుమనలేదు. ఇంకాసేపు చూశాడు. అప్పటికీ అనలేదు. అతని ముఖం మీద పరుచుకున్న సంతోషం చూసి, చుట్టూ ఉన్నవాళ్లకు ఇంకా భయం వేసింది.

"మాటొచ్చింది" అన్నాడు రమాకాంత్ మెల్లగా.

108 వచ్చింది. వాళ్లు యశోదకు బీపీ చూస్తే సరిగానే ఉంది. ఊరికే ఎందుకు పోవాలని ఉపేందర్‌కు చూస్తే అతనికే ఎక్కువగా ఉంది. మందు రాసిచ్చి, అహల్య ఉప్మా తిని వెళ్లారు. దండలు మళ్లీ స్కూలుకు చేరాయి. యశోద తన ఉపన్యాసం పూర్తిగా, అక్షరం వదలకుండా చెప్పింది. నోరు పడిపోయి లేచిన మనిషి గనక ఆపమనడానికి ఎవరికీ మనసొప్పలేదు.

సాయంత్రం అహల్య గిన్నెల సంగతి చెప్పేదాకా, కత్తికి తను పూసింది ముల్తానీ మట్టి అని ఉపేందర్‌కు తెలియదు. విన్నాక గీత మీద ఆశ వదులుకున్నాడు. అయినా పని ఆపలేదు. పెళుసు పోయేలా కత్తికి మళ్లీ సన్న సెగ చూపించి, రోజూ గరుకు కాగితంతో రుద్ది, చివరికి నిమ్మరసం పెట్టి తుడిచాడు. తెల్లటి అల ఒకటి అంచు వెంబడి మెల్లగా పైకి తేలింది. ఎక్కడా తెగలేదు. ఉపేందర్ అహల్యను పిలిచి చూపించాడు. ఆమె చాలాసేపు చూసి, తన గిన్నె అడగడం మరిచిపోయింది.

దిలీప్ వచ్చి కత్తిని లైటు కింద అటూ ఇటూ తిప్పాడు. హైదరాబాద్ మాట ఎత్తకుండా, ఇసొంటివే ఇంకో నాలుగు కావాలన్నాడు. ఆ రోజే యశోద ఫోన్ చేసింది. గ్రూపు ఫొటోలో ఆమె ముఖం ఒక్కటే మెరుస్తోందట. ఆ నల్లమట్టి తమకూ కావాలని బ్యాచ్ అంతా వెంటపడుతోందట. అహల్య తుమ్మబంక మానేసి పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది.

ఉపేందర్ మాత్రం కొత్త కత్తి మొదలుపెట్టినప్పుడల్లా ఫ్యాన్సీ షాపుకు పోయి ముల్తానీ మట్టి, గులాబీ నీళ్ల సీసా తెచ్చుకుంటున్నాడు. షాపాయన ప్రతిసారీ మసి పట్టిన ఆ ముఖం వైపు ఒకసారి చూసి, పాపం అనుకుని ఇంకో పొట్లం కొసరు వేసి కట్టి ఇస్తాడు.