ఆర్డిత్ తోటలో పడాల్సిన రాకెట్

శనివారం పొద్దున్న వెండెల్ మంచం దిగగానే కిటికీ తెరిచి, వేలు తడిచేసి బయటికి చాపాడు. దక్షిణపు గాలి. అతని మొహం చేటంత అయింది. కాన్సాస్‌లో గాలి లేని రోజంటూ ఉండదు గానీ, సరిగ్గా ఆర్డిత్ తోటవైపు వీచే గాలి కోసం అతను వేసవి పొడుగునా కాచుకుని ఉన్నాడు. ఇవాళ రాకెట్ ఎగరేస్తాడు. అది పోతుంది. పోవాలి. అదీ పథకం.

వెండెల్ స్కూలు బస్సుల మెకానిక్కు. పెళ్లి కాలేదు. స్కూల్లో ఉండగా ఆర్డిత్‌ను డ్యాన్సుకు పిలవాలనుకున్నాడు, నోరు పెగల్లేదు. ఆమె ఇంకొకరిని చేసుకుంటే చర్చిలో నిలబడి పెళ్లిపాట గొంతెత్తి పాడాడు, ఇంటికొచ్చి ఏడ్చాడు. ఇప్పుడామె భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒంటరిగా గుమ్మడి పండించుకుంటోంది. రోజూ బస్సు పరీక్షించే నెపంతో ఆ దారిన పోయి, దూరం నుంచే వంటింటి దీపం వెలుగుతోందా అని చూసుకుని వస్తాడు. ఆ దీపం చూసిన రోజు అన్నీ బాగానే ఉన్నట్టుంటుంది, ఏదీ బాగాలేనట్టూ ఉంటుంది.

వెళ్లి తలుపు తట్టవచ్చు కదా అంటారేమో. ఆ ఊళ్లో పని లేకుండా ఒకరి గేటు తెరవడమంటే మాటలు కాదు. నిచ్చెన అడగడానికో, అడిగింది తిరిగివ్వడానికో, తప్పిపోయిన దూడను తోలుకొచ్చో వెళ్లాలి. "ఊరికే వచ్చాను" అన్నాడా, ఆదివారానికల్లా ప్రార్థన మానేసి అందరూ అదే చెప్పుకుంటారు. వెండెల్‌కు దూడ లేదు. నిచ్చెన ఉంది కాబట్టి అడగలేడు. ఇక మిగిలినవల్లా రాకెట్లే.

అతనున్న బొమ్మరాకెట్ల క్లబ్బులో ప్రతి రాకెట్ మీదా సొంతదారు పేరూ ఫోన్ నంబరూ రాసి, దొరికినవాళ్లు దయచేసి ఫోన్ చేయమని అభ్యర్థిస్తారు. నాలుగేళ్ల కిందట అతని తెల్ల రాకెట్ ఒకటి కొట్టుకుపోయి ఆర్డిత్ తోటలో పడింది. అది అతనొక్కడే చూశాడు. వెళ్లి అడిగే ధైర్యం లేక, ఆమె ఫోన్ చేస్తుందని ఆ శరదృతువంతా వెండెల్ ఫోన్ పక్కనే అన్నం తిన్నాడు. మోగినప్పుడల్లా ముద్ద వదిలేసి అందుకునేవాడు. తీరా చూస్తే బీమా అమ్మేవాళ్లు. చివరికి చలికాలం మొదట్లో ఆ ఇంటి ఫోను పీకించేసి, జేబులో పెట్టుకునేది కొనుక్కున్నాడు. మళ్లీ ధైర్యం కూడగట్టుకోవడానికి ఇంతకాలం పట్టింది. కొత్త కిట్ తెచ్చి, అట్టగొట్టానికి చెక్కరెక్కలు ఒక్కొక్కటే జిగురుతో అంటించి, పచ్చరంగు వేసి, చేతికి అలవాటైన అక్షరాల్లో పేరూ నంబరూ రాశాడు.

ఆర్డిత్ తోటకు రోడ్డుకివతల, రాకెట్లు ఎగరేసే బీడులో అతనికంటే ముందే హార్లన్ ఉన్నాడు. హార్లన్ క్లబ్బు పెద్ద. తన హయాంలో పోయిన ఒకే ఒక్క రాకెట్ వెండెల్ తెల్ల రాకెట్టేనన్న బాధ అతన్ని ముల్లులా పొడుస్తూనే ఉంది.

"ఒరేయ్ వెండెల్, ఈసారి నీ రాకెట్ పోనివ్వను. నాదీ హామీ!"

"పోతే పోయిందిలే హార్లన్, ఏముందిప్పుడు..."

"అలా నిబ్బరంగా మాట్లాడకురా, నాకు ఏడుపొస్తోంది" అన్నాడు హార్లన్, నిజంగానే ముక్కు చీదుతూ.

వెండెల్ రాకెట్‌లో పెట్టే మోటారు తేవడానికి ట్రక్కు దాకా వెళ్లి వచ్చేసరికి హార్లన్ కత్తెర జేబులో పెట్టుకుంటున్నాడు. "గాలెక్కువగా ఉంది కదా, నీ పారాచూట్ మధ్యలో చిల్లు కోశా. ఇక కొట్టుకుపోదు." రాకెట్ బుస్సుమని లేచి, పైన పారాచూట్ విప్పుకుని, బుద్ధిగా వచ్చి వెండెల్ బూటు మీద పడింది. చేరిన క్లబ్బువాళ్లందరూ చప్పట్లు కొట్టారు.

వెండెల్ ట్రక్కు చాటున చిల్లుకు టేపు అంటించి, ఇంకా పెద్ద మోటారు దూర్చాడు. ఈలోగా హార్లన్ రాకెట్ నిలబెట్టే కడ్డీని గాలికి ఎదురుగా వంచాడు. రాకెట్ దక్షిణానికి దూసుకుపోయి, గాలితో తేలుతూ వెనక్కొచ్చి, హార్లన్ టోపీ మీద దిగింది.

"చూశావా? లెక్కంటే ఇదీ!"

"చూశాను" అన్నాడు వెండెల్ నీరసంగా. రోడ్డవతల వంటింటి కిటికీ కనిపిస్తోంది. ఇవాళ కాకపోతే మంచు పడుతుంది. మళ్లీ వేసవి దాకా ఆగే ఓపిక తనలో లేదని అతనికి తెలుసు.

మూడోసారి తన దగ్గరున్న అన్నిటికన్నా పెద్ద మోటారు పెట్టాడు. కడ్డీని తనే నిటారుగా బిగించి, దాని పక్కనుంచి కదల్లేదు. "అయిదు, నాలుగు, మూడు..." అని అందరూ అరిచారు. రాకెట్ చుక్కంత అయింది. పారాచూట్ విచ్చుకుంది. మెల్లగా, హాయిగా రోడ్డు దాటింది.

"పోయింది!" అన్నాడు వెండెల్. అతని కళ్లు చెమర్చాయి.

"పోనిస్తానా? అందుకే నా టోపీ మీద దిగినప్పుడే లోపల కూతపెట్టె పెట్టా, కింద పడగానే కూస్తుంది!" అని హార్లన్ కేక పెట్టాడు. "అందరూ ట్రక్కులెక్కండి!"

"వద్దు! వదిలేయండి! నాకా రాకెట్టే వద్దు!"

"పాపం, దిగులుతో ఏదేదో మాట్లాడుతున్నాడు. వీణ్నీ ఎక్కించండి."

క్లబ్బంతా ఆర్డిత్ గుమ్మడితోటలో వరుసగా నిలబడి వెతకసాగింది. ఆకుల కింద ఎక్కడో రాకెట్ కుయ్యోమంటోంది. కోళ్లు కొట్టం మీదికెక్కాయి. కుక్క గొలుసు తెంపుకుని హార్లన్ వెంట పడింది. వెండెల్ ఒక పెద్ద గుమ్మడికాయ వెనక నక్కాడు.

తలుపు తెరుచుకుంది. ఆర్డిత్ మెట్లు దిగి, తిన్నగా పోయి, కూస్తున్న పచ్చ రాకెట్‌ను తీగల్లోంచి తీసింది. రెండో చేతిలో పాత తెల్ల రాకెట్ ఉంది.

"వెండెల్, లేచి రా. ఆ కాయ నిన్ను దాచేంత లావు లేదు."

అతను లేచాడు.

"తీగలు ఎండాక దొరికిందిది. ఫోన్ చేశా. ఆ నంబరు లేదంది. మళ్లీ చేశా, మళ్లీ అదే మాట." కొత్త రాకెట్ తిప్పి చూసి తల అడ్డంగా ఊపింది. "ఇదేంటి? దీని మీదా అదే చచ్చిన నంబరు రాశావా మహానుభావా!"

వెండెల్ జేబులోని ఫోను తడుముకున్నాడు. పథకం పారి ఉంటే మళ్లీ నాలుగేళ్లు మోగని ఫోను కోసం కూర్చునేవాడే.

"తెచ్చి ఇవ్వకపోయావా?" అన్నాడు.

"ఇద్దామనే అనుకున్నా" అంది ఆర్డిత్, గొంతు తగ్గించి. "కానీ ఇచ్చేస్తే ఇంక నిన్ను కలవడానికి పనేం మిగులుతుంది? అందుకే వంటింటి కిటికీలో పెట్టుకున్నా." తర్వాత అందరికీ వినబడేలా అడిగింది. "సరే, దేనికొచ్చావ్? రాకెట్ కోసమేనా?"

క్లబ్బంతా అటే చూస్తోంది.

"కాదు" అన్నాడు వెండెల్. "ఊరికే వచ్చాను."

ఆర్డిత్ రెండు రాకెట్లనూ హార్లన్ చేతుల్లో పెట్టింది. వెండెల్‌ను లోపలికి రమ్మని, ఇద్దరూ వెళ్లాక తలుపు వేసింది.

కూత వేస్తున్న రాకెట్‌ను ఎంత ఒత్తినా ఆపలేక, హార్లన్ చాలాసేపు ఆ తలుపునే చూశాడు.

"రాకెట్లు రెండూ ఇక్కడే ఉన్నాయి కదా, మరి వీడు లోపల ఏం వెతుకుతున్నట్టు?"