చట్టప్రకారం చచ్చిన పుంజు

“చట్టం ముందు మనిషైనా ఒకటే, కోడిపుంజైనా ఒకటే!”

మా సెలింగా సుల్తాను రాజ్యానికి పోలీసు పెద్దగా వచ్చిన క్రాడాక్ దొర సంతలో నిలబడి చేసిన ప్రకటన ఇది. దానికి మొదట బలైంది నా పుంజు గరాంగ్. కోడిపందెం నేరమట! నన్ను లాకప్పులో కూర్చోబెట్టి, పుంజును చట్టప్రకారం కోసేశామని చాటింపు వేయించాడు. మా ఆవిడ మెలూర్ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. వాళ్ల అత్తగారు పోయిన రోజున వెలిగించింది, అది వేరే సంగతి.

పోలీసు పింఛను పుచ్చుకోగానే దొరగారు సుల్తానుగారికి ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. ఏలినవారికి పందేలంటే ప్రాణం. మరి నేరమో? దొరగారు బాగా ఆలోచించి, కోటలో జరిగేది పందెం కాదు, ‘ఆస్థాన పక్షి వ్యాయామ పరిశీలన’ అని తేల్చారు. అప్పటికి నేను కోటలో పుంజుల్ని సాకే కొలువులో ఉన్నాను. నేరస్తుడి అనుభవం ఊరికే పోతుందా!

మా దగ్గరొక మర్యాద ఉంది. ఏలినవారి పుంజు ఓడకూడదు. అందుకని ఎదుటివాళ్లు తమ పుంజుకు పీకలదాకా అన్నం మేపి తెస్తారు. అది కాలెత్తలేక కూలబడుతుంది, ఏలినవారు గెలుస్తారు, అందరం ఆశ్చర్యపోతాం. దొరగారికి ఇది ఎవరూ చెప్పలేదు. ఆయన అడిగితే కదా!

ఏలినవారి పుట్టినరోజున దొరగారు తన సొంత పుంజును ఆకలి మీద తెచ్చారు. నల్లటి ఒళ్లు, ఎడమకాలికి తెగిన వేలు. నా గరాంగ్! నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏలినవారి పుంజు నా చేతుల్లోనే ఉంది. అది ఓడితే నా కొలువు పోతుంది, గెలిస్తే గరాంగ్ ప్రాణం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వదలమన్నారు, వదిలాను. అవి ఎగిరేలోపే, నూకలు వేసేటప్పుడు పిలిచే పిలుపు నా నోట్లోంచి వచ్చేసింది. గరాంగ్ బరి దాటి పరుగెత్తుకొచ్చి నా ఒళ్లో కూర్చుంది. బరి దాటిన పుంజు ఓడినట్టే. ఏలినవారు గెలిచారు, అందరం ఆశ్చర్యపోయాం. ఈసారి నిజంగానే.

“ఏమయ్యా సెక్రటరీ, నీ పుంజు మా పందక్ ఒడి ఎక్కిందేం?” అన్నారు ఏలినవారు నన్ను చూపించి.

దొరగారు నోరు తెరిచేలోపే నేను చేతులు కట్టుకుని, “నా పుంజులాగే ఉంది ప్రభూ. కానీ దాన్ని దొరగారు ఎప్పుడో కోసేశారు కదా” అన్నాను.

దొరగారు మీసం తుడుచుకుని, అవును, ఆ పుంజు చట్టప్రకారం చచ్చిందన్నారు.

“చచ్చినదాంతో నీకేం పని మరి?” అని ఏలినవారు నావైపు తిరిగారు. “పందక్, ఇంటికి తీసుకెళ్లి పాతిపెట్టు.”

ఆ పూట మెలూర్ కొబ్బరిపాల అన్నం వండింది. మర్నాడు తెల్లారకముందే శవం కూసింది. దొరగారి బంగళా మా ఇంటి పక్కనే, వినే ఉంటారు.