క్రీడామంత్రిగారి చవక రేసు

"కార్ల రేసులు ఇక డబ్బున్నవాళ్ల సొత్తు కాదు. ఈ క్షణం నుంచి ప్రజల సొత్తు!" అని క్రీడామంత్రిగారు ప్రకటించినప్పుడు నేను మూడో వరసలో కూర్చుని అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాను. వారి దూరదృష్టి అలాంటిది. మైకు అందుకునేదాకా ఏం ప్రకటిస్తారో వారికే తెలియదని క్రీడాశాఖ ఆఫీసరు గర్వంగా చెప్పాడు.

పథకం అమోఘం. అందరికీ ఒకే రకం చిన్న కారు. ఒకే ఇంజను, దానికి సీలు. ఒకే టైర్లు. డబ్బు పోసి హంగులు చేయించుకునే వీలు ఎవరికీ లేదు. కారు క్రీడాశాఖవారే ఇస్తారు.

మా వదిన స్కూలు బస్సు నడుపుతుంది. ఎప్పటికైనా అసలు రేసులో దిగాలని ఆవిడ ఆశ. ఖర్చు తలుచుకుని ఊరుకునేది. సంగతి చెప్పగానే గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చింది.

"నిజమేనంటావా?"

"మంత్రిగారే చెప్పారు వదినా."

"అందుకే అడుగుతున్నా."

మొదటి రేసులో వదిన అందరికంటే ముందొచ్చింది. మంత్రిగారి బావమరిది ఆఖరున వచ్చారు. ఆయన మలుపు మలుపుకీ ఆగి, అటూ ఇటూ చూసుకుని, మర్యాదగా హారన్ కొట్టి మరీ తిరిగారు.

మంత్రిగారి ముఖం గంభీరమైంది. "అన్నీ ఒకే రకం కార్లన్నారు కదయ్యా. మరి ఈవిడ ముందెలా వచ్చింది?"

"నాకూ అదే అంతుబట్టడం లేదు సార్," అన్నాడు ఆఫీసరు.

విచారణ మొదలైంది. వదిన కారును ఏ మరకామర విప్పారు. సీటు కింద ఒక దువ్వెన దొరికితే దాన్ని ల్యాబుకు పంపారు. ల్యాబువారు అది దువ్వెనేనని ధ్రువీకరించారు. అప్పుడు వదిన కారు బావమరిదిగారికీ, బావమరిదిగారి కారు వదినకీ ఇచ్చి మళ్లీ పోటీ పెట్టారు. వదిన మళ్లీ మొదట వచ్చింది. బావమరిదిగారు మళ్లీ హారన్ కొట్టుకుంటూ వచ్చారు.

కార్లలో తేడా లేదనీ, తేడా నడిపేవాళ్లలో ఉందనీ కమిటీ తేల్చింది.

"అయితే నడిపేవాళ్లని కూడా ఒకే రకం చెయ్యండి," అన్నారు మంత్రిగారు.

"చేసి చూశాం సార్. మీ బావమరిదిగారిలా నడపడం ఎవరివల్లా కావడం లేదు."

చివరికి ఆఫీసరు బుర్రే పనిచేసింది. కార్లన్నిటినీ ఒక పొడుగాటి లారీ మీదికి ఎక్కించాలి. ఎవరి కారులో వాళ్లు హెల్మెట్టు పెట్టుకుని కూర్చోవాలి. అందరికీ ఒకే వేగం. టైర్లు అరగవు. కార్లలో పెట్రోలు పొయ్యనక్కర్లేదు. ఇంతకంటే చవక రేసు భూమ్మీద లేదు. మంత్రిగారు ఆఫీసరును కౌగిలించుకున్నారు.

ప్రోటోకాల్ ప్రకారం అన్నిటికంటే ముందు బావమరిదిగారి కారు నిలబెట్టారు. తేడాలకు మూలకారణం కనుక వదినకు కారు ఇవ్వలేదు. ఆవిడ గేటు దగ్గర నిలబడి పెదవి కొరుక్కుంటోంది. అంతలో లారీ డ్రైవరు రాలేదని తెలిసింది. పెద్ద బండ్ల లైసెన్సు అక్కడ ఆవిడ ఒక్కదానికే ఉంది.

"లారీ పోటీలో లేదమ్మా. కాబట్టి నువ్వు నడపొచ్చు," అన్నాడు ఆఫీసరు, మేలు చేస్తున్నట్టు.

వదిన తాళం తీసుకుని ఎక్కింది.

జెండా ఊపారు. లారీ కదిలింది. మొదటి మలుపు దగ్గర వేగం తగ్గుతుందనుకున్నాం. తగ్గలేదు. జనం కుర్చీలెక్కి ఈలలు వేశారు. పైనున్న పోటీదారులు ఏకకంఠంతో అరిచారు. బావమరిదిగారు మాత్రం కళ్లు మూసుకుని హారన్ నొక్కుతూనే ఉన్నారు.

గీత దాటాక మంత్రిగారు నిచ్చెన వేయించుకుని పైకెక్కి, హారన్ మీదున్న బావమరిది చెయ్యి పైకెత్తారు. ఆయనకు మొదటి స్థానం. మిగతా అందరికీ సమానంగా రెండో స్థానం.

వదిన కిందికి దిగింది. చాన్నాళ్ల తర్వాత ఆవిడ ముఖం వెలిగిపోతోంది. నుదుటి చెమట కొంగుతో తుడుచుకుని ఆఫీసరును అడిగింది.

"కార్లు దించించమంటారా సార్?"

ఆఫీసరు అదిరిపడి చుట్టూ చూశాడు.

"మెల్లగా మాట్లాడమ్మా! దించితే నిజంగానే రేసు మొదలైపోతుంది."