టైలర్ నర్సన్న టీకా

ఆ గురువారం పొద్దున నర్సన్న పెట్టుకున్న పని ఒక్కటే, టీ తాగుతూ టీవీని తిట్టడం. గోదావరికి మరాఠీ రాష్ట్రం వైపున్న తెలుగు ఊరు సిరోంచ. అక్కడి బస్టాండు దగ్గర తన టైలరు షాపు తెరిచే ముందు ఆయన రోజూ చేసుకునే పూజ అది. సీరియల్ వస్తే సీరియల్‌ను, ప్రకటన వస్తే ప్రకటనను, ఏదీ రాకపోతే కేబుల్ వాణ్ణి తిట్టేవాడు.

"పండుకునేటప్పుడు వడ్డాణం ఏందే? పొర్లితే గుచ్చుకోదా?" అన్నాడు తెర మీద జ్ఞాపకశక్తి పోయి మంచాన పడ్డ కోడలిని చూసి.

భార్య లక్ష్మక్కకు ఆ రోజు ఓపిక అడుగంటింది. టీవీ ఆపేసి ఇటు తిరిగింది.

"నీ లొల్లికి ఒక్క ముచ్చట సక్కగ వినలే నేను. ఇయ్యాల్టి సంది టీవీ ముంగట నోరు తెరిస్తే షాపులనే పండుకో. నీ మాటలు ఆఖరిదాక కూసొని వినేటోళ్ళు ఊళ్ళె ఉంటే చూపియ్యి. గప్పుడు నేను గూడ వింట."

నర్సన్న ఒక పూట అన్నం లేకుండా ఉండగలడు కానీ, అభిప్రాయం చెప్పకుండా ఉండలేడు. ముఖం వేలాడేసుకుని షాపుకు వెళ్ళాడు. కాసేపటికి ఊరి గ్రంథాలయం, అదే వాచనాలయం, నడిపే మరాఠీ టీచరు జ్యోత్స్న మేడం జాకెట్టు కోసం వచ్చి, ఆయన గోడంతా విన్నది.

"పరేషాన్ గాకు నర్సన్నా. ఐతారం వాచనాలయంల నీతోని టీకా పెట్టిస్త. టీవీ మీద, జాహిరాతుల మీద నీ ఇష్టమున్నంత మాట్లాడు," అన్నది.

మరాఠీలో జాహిరాత్ అంటే ప్రకటన, టీకా అంటే విమర్శ. మరాఠీ బడిలో చదివిన నర్సన్నకు ఆ సంగతి తెలుసు కనుక ఛాతీ పొంగింది. సాయంత్రానికల్లా వాచనాలయం ముందు మరాఠీలో బోర్డు వెలిసింది. ఆదివారం పొద్దున టీకా, టైలర్ నర్సన్న, అందరూ రావాలి అని దాని సారాంశం.

బోర్డు మరాఠీది, చదివినవాళ్ళు తెలుగువాళ్ళు. తెలుగులో టీకా అంటే దవాఖానలో భుజానికి పొడిచేది.

నర్సన్న పక్కింటి యాదక్క ఆ బోర్డును కూడబలుక్కుని చదివి, చీపుళ్ళు కొనడం మరిచిపోయింది. "నర్సన్న టీకాలేస్తడట!" అని పక్కామెకు చెప్పింది.

"ఆయన టైలర్ గదనే?"

"గందుకే పెట్టిండ్రు. సూది పట్టుడు ఆయనకు కొత్తనా?"

దీనికి ఎదురు చెప్పగలిగినవాళ్ళు సిరోంచలో లేరు. అయినా అనుమానం దేనికని యాదక్క నేరుగా షాపుకే వెళ్ళింది.

"తమ్మీ, టీకా దేనికి?"

"టీవీకి," అన్నాడు నర్సన్న మిషను తొక్కుతూ.

"టీవీతోని గూడ రోగమా?"

"దానికన్న పెద్ద రోగం ఏముందక్కా? ఇంటింటికి ఉంది."

యాదక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. "మరి నొస్తదా?"

"నొయ్యాలె. నొయ్యకపోతే అది టీకనే గాదు. కొందరికి ఒళ్ళు మండుతది, రెండు దినాలకు తగ్గుతది."

"పోరగాండ్లను తేవచ్చునా?"

"వాళ్ళనే ముందుగాల తేవాలె. టీవీ ముంగట ఎక్కువ కూసునేది వాళ్ళే గద!"

శనివారానికి ఆ మాట ఊరు దాటింది. టీవీ కాదు టీబీ అని కొందరు, టీబీ కాదు టీవీయే, కళ్ళలోంచి ఎక్కుతుందని కొందరు వాదించుకున్నారు. నాగేపల్లిలో ఒకాయన బస్సు టైము కనుక్కున్నాడు. కమలాపూర్ అడవి క్యాంపులోని సర్కారు ఏనుగులకు కూడా నర్సన్నే వేస్తాడనీ, వాటికి గోనెసంచులు కుట్టే సూది వాడతాడనీ ఎవరో అంటే నమ్మినవాళ్ళున్నారు.

ఆదివారం వాచనాలయం కిక్కిరిసింది. చంటిపిల్లల తల్లులు, చొక్కా చేతులు మడిచిన ముసలివాళ్ళు, గడప బయట రెండు మేకలు. అంత జనాన్ని చూసి నర్సన్నకు కళ్ళు చెమర్చాయి. చివరి వరుసలో కూర్చున్న లక్ష్మక్క వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టసాగింది.

నర్సన్న విజృంభించాడు. "పాలల్ల పొడి కలిపి తాగితే పోరడు నెలకే పొడుగైతడట! ఆ పొడి తాగిన పోరని కొలత నేను తీసిన. నిక్కరు పొడుగు పెంచుడు గాదు, నడుం కాడ కుట్లు ఇప్పి వదులు చెయ్యవలసి వచ్చింది! సీరియల్ల అత్త తలుపు తీస్తే ఉరుము, కోడలు కాఫీ తెస్తే ఉరుము. అసలు ఉరుము సంగతి అడిగితే హైదరాబాద్ చానల్ వాన గోదావరి ఆ ఒడ్డుకే ఆగుతది, ముంబై చానల్ వాన నాగ్‌పూర్‌లనే ఆగుతది. మరి మనం తడిసేది ఎవని వానల?"

గంటసేపు ఒక్కరూ కదలలేదు. సూది కోసం వచ్చినవాళ్ళు వరుస వదులుకుంటారా? మాటలు ముగించి, "ఇగ మీరు ఏమన్న అడుగుతరా?" అన్నాడు నర్సన్న. అందరూ ఒక్కసారే లేచి భుజాలు చూపించారు.

"ఇగ సూది తియ్యి తమ్మీ. పోరడు ఏడుస్తుండు," అన్నది యాదక్క.

సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. జ్యోత్స్న మేడం టీకా అంటే ఏమిటో మరాఠీలో చెప్పి, తెలుగులో చెప్పి, చివరికి కుర్చీ ఎక్కి చెప్పింది. జనం భగ్గుమన్నారు.

"గంటసేపు ప్రకటనలే ఏసినవ్. అసలు బొమ్మ ఏది?" అని యాదక్క కేక పెట్టింది.

నర్సన్న కూలబడ్డాడు. తన మాట కోసం ఒక్కరూ రాలేదన్న బాధ, తిట్ల కన్నా ఎక్కువ కోసింది. ఇక టీవీ ముందు జన్మంతా మౌనమే అనుకున్నాడు.

అప్పుడు వెనక వరుస నుంచి లక్ష్మక్క లేచింది.

"ఆగుండ్రి! మా ఆయనను అనే హక్కు నాది. ఆఖరిదాక విన్నరా లేదా? ఎందుకు విన్నరో నాకెందుకు, నా మాట మీద నేను నిలబడుత." ఆమె ముందుకు వచ్చి మైకు అందుకుంది. "ఇగ ఈయన తప్పులు చెప్త వినుండ్రి. పొడి గురించి చెప్పిండు గని, దాన్ని కొన్నది తనేనని చెప్పలే. సీరియల్ మొత్తం ఉరుములే అన్నడు. ఉరుముల నడుమ ఆ అత్త ఒక్కతే దుకాణం నడిపి ఇల్లు నిలబెట్టింది, అది చూసిండా? చూడకుంట తిట్టుడు, కొలత తియ్యకుంట కుట్టుడు రెండు ఒక్కటే!"

జనం సూదిని మరిచిపోయి చప్పట్లు కొట్టారు. యాదక్క ఈల కూడా వేసింది. జ్యోత్స్న మేడం అక్కడికక్కడే వచ్చే ఆదివారం టీకాను లక్ష్మక్కకు ఖాయం చేసింది.

లక్ష్మక్క మాట తప్పలేదు. టీవీ ముందు నర్సన్న ఎంతైనా మాట్లాడవచ్చు. కానీ ఆదివారం కోసం ఆమె ప్రతి సీనునూ ప్రతి ప్రకటననూ గట్టిగా ఉతికి ఆరేస్తుంటే ఆయనకు సందు దొరకాలి కదా! ఇంట్లో ఆమె లొల్లికి ఒక్క ముక్క కూడా వినపడక, ఆ కోడలికి పోయిన జ్ఞాపకశక్తి తిరిగి వచ్చిందో లేదో నర్సన్న ఇప్పుడు యాదక్క ఇంటికి వెళ్ళి కనుక్కుంటున్నాడు.