దండెం కట్టిన టూరిస్టు

ఆ ఉదయం జలంధర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. జపాన్‌లోని తకయామా బస్టాండులో ఎనిమిదిన్నర బస్సెక్కాలి, కొండల మధ్య పల్లెలో దిగాలి, గడ్డికప్పుల ఇళ్లు చూడాలి, ఒక రైతు ఇంట్లో భోంచేయాలి, సాయంత్రానికి హోటలుకొచ్చి నడుం వాల్చాలి. అంతే.

ఖతర్‌లో ఇరవై ఏళ్లుగా భవనాల చుట్టూ పైపులతో మంచెలు కట్టించే ఫోర్‌మన్ అతను. సైటు ఆఫీసులో ఒక జపాను ఇంజనీరు తగిలించిన క్యాలెండరులో ఈ కొండల ఊరి బొమ్మ ఉండేది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, నీళ్లు తాగడానికి లోపలికి వచ్చినప్పుడల్లా ఆ బొమ్మ ముందు ఒక నిమిషం ఎక్కువ నిలబడేవాడు. సర్వీసు మెచ్చి కంపెనీ ఇద్దరికి విమానం టికెట్లు ఇస్తామన్నప్పుడు, ఎక్కడికని అడగ్గానే తడుముకోకుండా చెప్పేశాడు.

పల్లె టూరును దోహాలోని ముఐథర్‌లో పక్క ఫ్లాట్‌లో ఉండే బావమరిది చిరంజీవి ఫోన్లోనే బుక్ చేశాడు. "బావా, వంతెన దాటినంక మూడో స్టాపు. గడ్డిటోపీ పెట్టుకొని ఒక అవ్వ మీకోసం నిలబడి ఉంటది. ఇగ ఫికర్ జెయ్యకు," అని హామీ ఇచ్చాడు.

రెండో స్టాపులోనే గడ్డిటోపీ అవ్వ కనిపించింది. జలంధర్ గబగబా భార్య శోభను లేపి బస్సు దించేశాడు. కోతల కాలంలో ఆ లోయలో గడ్డిటోపీ లేని అవ్వే ఉండదన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

వాళ్లను చూడగానే అవ్వ ముఖం చాటంత అయింది. నడుం వంచి మూడుసార్లు నమస్కరించి, నేరుగా పొలానికి తీసుకెళ్లి, చెరొక కొడవలి చేతిలో పెట్టింది.

"ఏందయ్యా ఇది?" అంది శోభ.

"టూరు గిట్లనే ఉంటదట. ఎక్స్‌పీరియన్స్ అంటరు."

శోభ కొడవలి పదును బొటనవేలితో చూసింది. "వరి కోసుడుల నాకు ఎక్స్‌పీరియన్స్ లేదని ఎవడన్నడు?"

పది నిమిషాల్లో అయిపోతుందనుకున్న అనుభవం గంట దాటినా అవలేదు. అవ్వ పడమటి కొండమీది నల్లమబ్బును చూపించి, చేతులతో వానను కురిపించి, గాలిని వీయించి, వరిని నేలకు పడగొట్టింది. తరువాత తన గుండెమీద వేలు పెట్టి, ఆ వేలొక్కటే పైకెత్తి చూపింది.

"ఒక్కతే ఉన్నట్టుందయ్యా పాపం," అంది శోభ. అంతలోనే మొగుడి వైపు తిరిగింది. "అయినా నిన్ననాలె. ఇరవై ఏండ్లు గల్ఫ్‌ల పైసలకు పనిజేసినవ్. ఇప్పుడు పైసలు కట్టి మరీ పనికొస్తివి!" తిట్టింది గాని, కొడవలి ఆపలేదు.

జలంధర్ కళ్లు మాత్రం వరికట్టలు ఆరేసే దండెం మీద పడ్డాయి. గడలు వణుకుతున్నాయి, ముడులు జారుతున్నాయి. అలాంటిదాన్ని చూసి ఊరుకునే ఫోర్‌మన్ కాదతను. మొత్తం విప్పి, ఏటవాలుగా ఆనుగడలు పెట్టి, తాడు బిగించి మళ్లీ కట్టాడు. పొరుగు తాత ఒకాయన వచ్చి గడను పట్టుకుని ఊపాడు. కదల్లేదు. ఆయన జలంధర్ చెయ్యి పట్టుకుని తన మడికి తీసుకుపోయాడు. మధ్యాహ్నానికి నాలుగు మళ్లలో దండేలు లేచాయి. "యల్లా! యల్లా!" అని జలంధర్ సైటు అలవాటుకొద్దీ అరబ్బీలో 'కానివ్వండి' అంటూ కేకలేస్తుంటే, డెబ్భై దాటిన తాతలు కూడా "యల్లా!" అంటూ గడలు మోశారు.

సరిగ్గా అప్పుడే దోహాలో డ్యూటీ బస్సెక్కుతున్న చిరంజీవి ఫోనుకు టూరు వాళ్ల దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. కింద "మీ అతిథులు ఎంతో ఆనందంగా ఉన్నారు" అని రాసి ఉంది. ఫొటోలో గడ్డికప్పు ఇంటి ముందు, జపాను అంగీలు తొడుక్కుని, పదహారు గిన్నెల ఎదుట ఇద్దరు కొత్త మనుషులు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు.

చిరంజీవి వెంటనే బావకు పదిసార్లు ఫోన్ చేశాడు. అది పొలం గట్టు మీది సంచిలో మోగి మోగి ఊరుకుంది. కంగారులో ఊరికి చేశాడు. "నా కొడుకు దుబాయ్ల తప్పిపోయిండట!" అని, పరాయి దేశమంటే దుబాయే అనుకునే జలంధర్ తల్లి బాలవ్వ వాడంతా పోగుచేసింది. చివరికి టూరు ఆఫీసుకు చేస్తే, వాళ్లు పోలీసుకు చెప్పారు.

నాలుగింటికి పోలీసు వచ్చాడు. వెంట ఇంకొక గడ్డిటోపీ అవ్వ, అంగీలలో ఆ ఇద్దరూ ఉన్నారు. వాళ్లు నేపాలీలు. ఈ పొలంలో కోతకు రావలసిన కూలీలు. ఒక స్టాపు ముందుకుపోయి దిగారు.

"భయ్యా, పనికని లేచినప్పుడల్లా కూర్చోబెట్టి ఇంకో గిన్నె వడ్డించారు," అని ఒకడు హిందీలో వాపోయాడు. "పని ఎక్కడో మాత్రం చెప్పలేదు."

పోలీసు చెప్పింది విన్నాక పొలం అవ్వ ముఖం పాలిపోయింది. అతిథులతో కూలి చేయించానా అని గట్టు మీదే మోకరిల్లి, నుదురు నేలకు ఆనించింది. శోభ పరుగున వెళ్లి లేవనెత్తింది. "లే అవ్వా, లే! నువ్వు మా అమ్మ అసొంటిదానివి."

జలంధర్ ఆ నేపాలీ కుర్రాళ్లనే చూస్తూ నిలబడ్డాడు. దోహా క్యాంపులో తన మొదటి రెండేళ్లలో, కూర్చోబెట్టి ఒక్క పూట వడ్డించినవాళ్లు ఎవరూ లేరు.

"ఖానా అచ్ఛా థా?" అని అడిగాడు.

"బహుత్ అచ్ఛా, భయ్యా."

"ఇంకేం గావాలె!" అన్నాడు జలంధర్. ఎందుకో కళ్లు చెమ్మగిల్లాయి. ఎవరికి దండం పెట్టాలో తోచక, వాళ్లకు వడ్డించిన రెండో అవ్వకు వంగి నమస్కరించాడు. కుర్రాళ్లు అంగీలు విప్పి మడిలోకి దిగారు. పోలీసు కూడా ప్యాంటు మడిచాడు. మొదటి చినుకు పడేసరికి ఆఖరి కట్ట దండెమెక్కింది.

ఆ రాత్రి గాలివాన కొట్టింది. మరునాడు టూరు వాళ్లు క్షమాపణలు చెప్పి, జలంధర్‌నీ శోభనూ విదేశీయుల బస్సులో ఎక్కించి, అసలు టూరుకు తీసుకెళ్లారు. గైడు ఆ మళ్ల దగ్గరే బస్సు ఆపించాడు.

"రాత్రి గాలికి ఒక్క గడ కూడా కదల్లేదు, చూడండి," అన్నాడు గర్వంగా. "ఈ కట్టుబడి ఈ లోయ రైతులకు నాలుగు వందల ఏళ్లుగా తండ్రి నుంచి కొడుకుకు వస్తున్న విద్య."

శోభ మోచేత్తో పొడిచింది. జలంధర్ అందరితో పాటు భక్తిగా తలూపి, ఒక ఫొటో తీసుకున్నాడు.