గంటకి పాతిక కిలోమీటర్ల నేరం

బండి నడిపేవాళ్ళు రూల్సు చదవకూడదు. చదివితే ఏమవుతుందో నందిగామలో పరిమళ టీచర్ని అడగండి.

ఆవిడ పక్క ఊరి బళ్ళో లెక్కలు చెబుతారు. ఏళ్ళ తరబడి షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద వేలాడిన మనిషి, యాభై మూడో ఏట ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నారు. చిన్న మోటారు, గంటకి పాతిక కిలోమీటర్లు దాటదు. అలాంటి బండికి లైసెన్సు వద్దు, రిజిస్ట్రేషన్ వద్దు, నంబరు ప్లేటూ వద్దు. షోరూమ్ ఓనరు రత్నబాబు ఈ సంగతి చెబితే ఆవిడ ఊరికే నమ్మలేదు. రూలు తానే వెతికి చదివి, ప్రింటు తీయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు కింద దాచుకున్నారు. అక్కర్లేదన్నా హెల్మెట్ పెట్టుకున్నారు. ఇంతకన్నా అనుమానాస్పదమైన ప్రవర్తన ఉంటుందా?

మిగతా ఊరు తెలివైంది. అదే బండి కొని, వేగాన్ని ఆపే వైరు పీకించి, ముగ్గురేసి ఎక్కి దూసుకుపోతోంది. వైరు పీకితే నంబరు, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి. నిజమే. అది చదివేదెవరు?

ఓ సోమవారం పొద్దున సర్వీసు రోడ్డులో హోంగార్డు క్రాంతికుమార్ చెయ్యెత్తాడు. టీచరు ఆగారు. అదే ఆవిడ చేసిన తప్పు.

"బండికి నంబరేదమ్మా?"

"దీనికి అక్కర్లేదు బాబూ, పాతిక దాటదు." కవరు తీసి ఇచ్చారు.

అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఈ ఆర్డరు మాకు రాలేదండి. ఎస్సైగారొచ్చేదాకా పక్కన పెట్టండి."

ఆ మాట పూర్తయ్యేలోపే నంబరు లేని ఇంకో స్కూటర్, ముగ్గురితో, రాంగ్ రూట్‌లో వాళ్ళని రాసుకుంటూ పోయింది. టీచరు చేతిసంచి ఎగిరిపడింది. రాత్రంతా దిద్దిన యూనిట్ టెస్టు పేపర్లు లారీ టైర్ల కిందకి పోయాయి.

"వాళ్ళని ఆపరేం?"

"వాళ్ళు ఆగరండి."

అతను అబద్ధం చెప్పలేదు. చెకింగ్ అనేది ఆగేవాళ్ళ కోసం పెట్టిన ఏర్పాటు. అరవైలో పోయేవాణ్ణి పట్టుకోవాలంటే వెంటపడాలి, పాతికలో వచ్చేవాళ్ళకి చెయ్యెత్తితే చాలు. పెట్రోలు ఎంత ఆదా!

రెండు గంటలు ఎండలో నిలబడ్డారావిడ. ఆటోల్లో పోతున్న తల్లులు తొంగి చూసి, టీచరుగారిని పోలీసులు పట్టుకున్నారని ఆవిడకన్నా ముందే బడికి కబురు చేర్చారు. ఎస్సై రాలేదు. క్రాంతికుమార్ డ్యూటీ దిగుతూ, "ఇంక వెళ్ళండమ్మా" అన్నాడు.

సాయంత్రం ఆవిడ నేరుగా షోరూమ్‌కి వెళ్ళారు. "ఈ బండి పాతిక దాటదని ఓ కాగితం రాసివ్వండి రత్నబాబుగారూ. రేపు చూపించాలి."

రత్నబాబు జాలిగా నవ్వాడు. "పాతికేంటి మేడం, మీది యాభై అయిదు పోద్ది. అందరూ అడుగుతున్నారని వైరు మేవే తీసేసి ఇస్తన్నాం. మీరెప్పుడూ యాక్సిలేటర్ పూర్తిగా తిప్పలేదంతే."

పరిమళ టీచరు లెక్క కట్టుకున్నారు. నాలుగు నెలలుగా చట్టం తన సీటు కిందే ఉందన్న ధైర్యంతో, లైసెన్సు లేకుండా, నంబరు లేకుండా తిరిగారన్నమాట. పొద్దున ఆ హోంగార్డు మీద చిరాకుపడినందుకు ఆవిడకి సిగ్గేసింది. పాపం, అతను ఏ రూలూ తెలియకుండానే దోషిని పట్టుకున్నాడు.

"వైరు మళ్ళీ పెట్టించండి."

"మా మెకానిక్‌కి తీయడం వచ్చండి. పెట్టమని ఇప్పటిదాకా ఎవరూ అడగలా."

"అయితే నేర్చుకోమనండి. నేనిక్కడే కూర్చుంటా."

హోంవర్కు చెయ్యనివాళ్ళతో మాట్లాడే గొంతు అది. రత్నబాబు కుర్చీ వేశాడు.

మెకానిక్ కంపెనీకి నాలుగు ఫోన్లు చేసి, రెండుసార్లు తప్పు వైరు కలిపి, హారన్ మోగించి, చివరికి పని పూర్తిచేశాడు. టీచరు బండెక్కి, మొదటిసారిగా యాక్సిలేటర్ చివరంటా తిప్పారు. మీటరులో అంకె పాతిక దగ్గర ఆగిపోయింది.

ఆ విధంగా రత్నబాబు షోరూమ్ నుంచి రూలు ప్రకారం నడిచే ఎలక్ట్రిక్ బండి ఒకటి మొదటిసారి రోడ్డెక్కింది. నంబరు లేదని మర్నాడు పొద్దున దాన్ని సీజ్ చేశారు.